కొట్టి చూసి కొన్న కీబోర్డు

మొన్న పొద్దున మా వాడకట్టు చివరి ఇంటి కోడలు ఫోను పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది. వాళ్ళ బిడ్డకు పాటల పిచ్చి పట్టిందట. ఇంట్లో వాయించుకోవడానికి తక్కువ ధరలో ఒక కీబోర్డు కొనాలట. ఫోనులో వరుసగా బొమ్మలు చూపించింది. నల్లవి, తెల్లవి, ఆఖరికి గులాబీ రంగువి కూడా ఉన్నాయి. "ఏది మంచిదో నువ్వే చెప్పాలె పెద్దవ్వా, మీ ఇంట్ల ఉన్నది గద" అంది. సిరిసిల్లలో సాంచాల గురించి అడిగితే చెప్పేవాళ్ళు ఇంటికొకరు దొరుకుతారు. సాంచా అంటే కరెంటు మగ్గం. కీబోర్డు సంగతి చెప్పడానికి మాత్రం ఈ వాడకట్టుకు నేనొక్కదాన్నే మిగిలాను. నేను చదివింది రెండో తరగతి, అదీ సగమే. పక్కపిల్ల నెత్తిన పలక పగలగొట్టానని పంతులు బెత్తం విరిగేదాకా కొట్టాడు, మళ్ళీ నేను బడి గడప తొక్కలేదు. బొమ్మలన్నీ చూసి ఫోను ఆమె చేతికిచ్చి, "బొమ్మను చూసి కొనకు. దుకాణం కాడికి పోయి కొట్టి చూడు" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో మా బిడ్డ వాయించడం మొదలుపెట్టింది. మొదటి దెబ్బకే ఆ కోడలు చేతిలోని చాయ్ తొణికి ఒళ్ళో పడింది. "అమ్మో! గంత గట్టిగ ఎందుకు కొడ్తది?" అంది కొంగు దులుపుకుంటూ. ఆమెకు కొంత చెప్పాను. మిగిలింది ఇక్కడ చెబుతున్నాను.

మా బిడ్డకు ఆ పిచ్చి అంటించింది మా మామ. ఆయన వారమంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసి, శనివారం భజనలో హార్మోనియం ముందు కూర్చునేవాడు. మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని మెట్లు నేర్పాడు. తప్పు మెట్టు నొక్కితే పోగులు సర్దే పుల్లతో వేళ్ళ మీద ఒక్కటి వేసేవాడు. మా ఇంట్లో నేతైనా, పాటైనా, వంటైనా దెబ్బతోనే వచ్చేవి. నాకు జొన్నరొట్టె గుండ్రంగా చేయడం మా అత్త అట్లకాడతో నేర్పింది. అయితే మా మామ కొట్టిన చోట మళ్ళీ ఆయనే నోటితో ఊదేవాడు. ఊది, "ఇగ వాయించు" అనేవాడు. అందుకని ఆ పిల్ల చిన్నప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవడం నేర్చుకోలేదు. అది తరువాత నేర్చుకుంది.

ఆమెను చేసుకున్నవాడిది కోరుట్ల. డీజే పెట్టెలు కిరాయికి తిప్పేవాడు. పెళ్ళిలో తన పెట్టెలు తనే తెచ్చుకుని మోగిస్తే, మా అటక మీది ఇత్తడి బిందె అదిరి అదిరి అంచుదాకా జరిగి కింద పడి సొట్టపోయింది. ఆ బిందె ఇంకా ఉంది, ఆ సొట్టా ఉంది. అప్పుడే తెలుసుకోవలసింది అని తరువాత నాకు చాలామంది చెప్పారు. బిందెను చూసి మనిషిని ఎట్లా తెలుసుకుంటారో వాళ్ళకే తెలియాలి. మనిషి చూడడానికి బాగుండేవాడు, మాట కూడా బాగుండేది. ఊరంతా అదిరేలా మోగించి డబ్బు తెచ్చుకునే ఆ మనిషికి సొంత ఇంట్లో మాత్రం చిన్న చప్పుడు పనికిరాదు. గిన్నె మోగితే గిన్నె విసిరేవాడు. తలుపు కిర్రుమంటే, తలుపు వేసిన మనిషిని తన్నేవాడు. పోపు చిటపటలాడిందని ఒకసారి మూకుడు తీసి గోడకు కొట్టాడట. ఆ నూనె మచ్చను వాళ్ళ ఇంటికి పోయినప్పుడు నేను చూశాను. "ఏందే గది?" అంటే "బల్లి పడ్డదవ్వా" అంది మా బిడ్డ. మా దగ్గర తల్లిని అవ్వా అనే పిలుస్తారు.

అక్కడ బీడీలు చుట్టి, ఆ కూలిలోంచి మిగిల్చుకుని ఆమె ఒక పాత హార్మోనియం కొనుక్కుంది. అతను ఇంట్లో లేనప్పుడే తీసేది. ఒక మధ్యాహ్నం అతను మేడ మీద నిద్రపోతున్న సంగతి ఆమెకు తెలియలేదు. చాలా మెల్లగానే వాయించిందట. అతను దిగి వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా, హార్మోనియం మెట్ల మీద కప్పే చెక్క మూతను ఆమె కుడి చేతి మీద వేసి, దాని మీద కాలు పెట్టి తొక్కాడు. తొక్కి, తరువాత పెట్టెను ఎత్తి వాకిట్లోకి విసిరేశాడు. మా బిడ్డ అరవలేదు. అరిస్తే దెబ్బలు పెరుగుతాయని ఆమె ఒళ్ళు అప్పటికే నేర్చుకుంది. పక్కింటివాళ్ళకు హార్మోనియం పగిలిన చప్పుడు మాత్రం వినపడింది. గోడ మీదినుంచి తొంగిచూసి, పాత సామాను పారేస్తున్నారు కాబోలని పోయి పడుకున్నారట. నల్లా దగ్గర ఒంటి చేత్తో బట్టలు పిండుతుంటే చూసి, ఆ పక్కింటామే చివరికి నాకు ఫోను చేసింది.

వేములవాడ మీదుగా బస్సు పట్టుకుని పోయాను. వియ్యపురాలు అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి కూడా చుట్టడం ఆపలేదు. "తలుపు సందుల పడ్డయ్ వదినె వేళ్ళు. నీ బిడ్డకు సోయే ఉండదాయె" అంది. లోపల మా బిడ్డ చేతికి పాత గుడ్డ కట్టుకుని కూర్చుంది. గుడ్డ విప్పితే చూపుడు వేలు, నడిమి వేలు నేరేడు పండ్లలా ఉన్నాయి. నేను ఏడవలేదు. వియ్యపురాలి చాటలో ఆకు కత్తిరించే కత్తెర ఉంది. అది తీసుకుని ముందు గదిలోకి పోయాను. మరమ్మతుకని జాలీ విప్పిన డీజే పెట్టెలు రెండు అక్కడ గోడకు నిలబెట్టి ఉన్నాయి. వాటి లోపల నల్లటి కాగితపు పళ్ళెం ఉంటుంది, మోత అంతా దాంట్లోంచే వస్తుందట. రెంటినీ కత్తెరతో పొడిచి, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చీరాను. అల్లుడు ఉరికివచ్చి నా జుట్టు పట్టుకున్నాడు. "ముసల్దానా, నీ పానం తీస్త!" అన్నాడు. పట్టుకున్న చేతిలోనే కత్తెర దించాను. వాడకట్టు అంతా అప్పుడు వచ్చింది. అరిచింది అతను కదా, అందరికీ వినపడింది.

మరునాడు కులపెద్దలు కూర్చున్నారు. మా దగ్గర పంచాయితీలో తప్పు ఎవరిదైతే వాళ్ళు రొక్కం కట్టాలి, దాన్ని తప్పు కట్టడం అంటారు. అతని చేతికి కట్టు, మా బిడ్డ చేతికి కట్టు. పెద్దమనిషి ఇద్దరినీ చూసి గొంతు సవరించుకుని, "ఆలుమగల నడుమ వంద ఉంటయ్. గని బతుకుదెరువు పెట్టెలు పలగ్గొట్టుడు మంచిగ లేదక్కా. పెట్టెలకు నువ్వు తప్పు కట్టాలె" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "కడ్తనే. ముందుగాల నా బిడ్డ వేళ్ళకు ఎంతనో చెప్పుండ్రి. దాంట్లకెల్లి ఈ డబ్బాల పైసలు పట్టుకొని, మిగిలింది నా చేతుల వెట్టుండ్రి" అన్నాను. పెద్దమనిషి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. చాయ్ వచ్చింది. ఎవరూ ధర చెప్పలేదు. చాయ్ కూడా తాగకుండా నేను బిడ్డను తీసుకుని బస్సెక్కాను.

ఆస్పత్రిలో వేసిన కట్టు కొన్ని వారాలకు విప్పి చూస్తే ఆ రెండు వేళ్ళు వంకర తిరిగి అతుక్కున్నాయి. ఆలస్యంగా వచ్చారమ్మా అన్నారు డాక్టర్లు. తెగిన పోగుకు ముడి వేయాలన్నా, బీడీ చుట్టాలన్నా, మెట్టు నొక్కాలన్నా ఆ రెండే ముందు కావాలి. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా కొడుకు సాంచాలు నడుపుతాడు. ఆ సాంచాల్లో పెట్టే కండెలకు, అంటే చిన్న గొట్టాలకు, ఆమె ఎడమ చేత్తో నూలు చుట్టడం నేర్చుకుంది. వేళ్ళ సంగతి సరే. నన్ను కాల్చింది ఇంకొకటి. సాంచాలు నడుస్తుంటే మా ఇంట్లో మనిషి మనిషిని భుజం తట్టి పిలవాలి, ఏనుగు నడిచి వచ్చినా వినపడదు. అంత మోతలో మా బిడ్డ మునివేళ్ళ మీద నడిచేది. స్టీలు గ్లాసు కింద పెట్టాలంటే ముందు చిటికెన వేలు ఆనించి, దాని మీద గ్లాసు దించి, తరువాత వేలు తీసేది. తుమ్ము వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. ఒకసారి గరిటె జారి కింద పడితే, రెండు చేతులూ నెత్తి మీద అడ్డం పెట్టుకుని గోడ మూలకు కూర్చుండిపోయింది. నేను ఎదురుగా నిలబడ్డాను, నా చేతిలో చీపురుంది. ఆ చీపురును ఎటు పెట్టాలో తెలియక వీపు వెనక దాచుకున్నాను.

ఒకనాడు బల్ల అంచు మీద ఆమె వేళ్ళు ఆడుతుంటే చూశాను. చప్పుడు లేకుండా నొక్కుతోంది, తల కొంచెం ఊగుతోంది. "ఏందే, చీమలను చంపుతున్నవా?" అన్నాను. ఉలిక్కిపడి చేతులు కొంగు కిందికి లాక్కుంది. "ఏం లేదవ్వా." "ఏం లేకుంటె తలకాయెందుకు ఊగవట్టె?" "తాత నేర్పిన భజన" అంది. ఈ పిల్ల చేతులకు మళ్ళీ చప్పుడు తెప్పించకపోతే, ఆ మూత మీద పడ్డ కాలు ఎప్పటికీ ఆ చేతి మీదే ఉంటుందనిపించింది. మళ్ళీ హార్మోనియం కొందామంటే, అందులో ఎడమ చెయ్యి తిత్తి ఊదడానికే పోతుంది, మెట్ల మీద కుడి చెయ్యే ఆడాలి. వంకర వేళ్ళతో ఎట్లా? కీబోర్డుకు తిత్తి లేదు, రెండు చేతులూ మెట్ల మీదే పెట్టొచ్చు, కుడి చేతికి చేతకానిది ఎడమ చెయ్యి చూసుకుంటుంది అన్నాడు మా కొడుకు. సిరిసిల్లలో మాకు పిల్లల బొమ్మ పియానోలే కనిపించాయి. జగిత్యాలలో వాయిద్యాల దుకాణం ఉందని ఎవరో చెప్పారు. జగిత్యాల అనగానే మా బిడ్డ ముఖం తెల్లబోయింది, అక్కడినుంచి కోరుట్ల ఎంతో దూరం లేదు. బస్సులో కొంగు ముక్కుదాకా కప్పుకుని కూర్చుంది. నేను సంచిలో ఒక నాడె వేసుకున్నాను. నాడె అంటే పోగును ఇటునుంచి అటు మోసుకుపోయేది, గట్టి కట్టె, రెండు కొనలకూ ఇనుప ముక్కులు. సాంచా నుంచి ఎగిరివచ్చిన నాడె తగిలి కన్ను పోయినవాళ్ళను నేను చూశాను.

దుకాణంవాడు మంచివాడే, ఓపిక ఉన్నవాడు. ముందు ఒక చిన్నది తీశాడు, దాని మెట్లు పిల్లల వేళ్ళకు తప్ప పట్టవు. పక్కన పెట్టించాను. రెండోది కొత్తది, నిగనిగలాడుతోంది, వందల రకాల చప్పుళ్ళు ఉన్నాయట. ఒక బొత్తం నొక్కగానే తబలా, వేణువు, అన్నీ కలిసి దానంతట అదే పాట మొదలుపెట్టింది. నా ప్రాణం లేచివచ్చింది. చేతి మగ్గం పోయి సాంచాలు వచ్చినప్పుడు మేము చూసింది అదే కదా, మనిషి పక్కన నిలబడి పోగు తెగితే అతకడమే, నేసేది అదే. "బిడ్డా, గిదే తీసుకుందాం! గిది నడుస్తుంటె నువ్వు కండెలు కూడ చుట్టుకోవచ్చు" అన్నాను. మా బిడ్డ నా వైపు చూసింది. దాని పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను, నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వింది. "అది వాయించుకుంటే నేనెందుకు అవ్వా?" అంది.

నేను నా పద్ధతిలో పరీక్ష చేశాను. అరచేత్తో దాని నడుము మీద ఒక్క దెబ్బ వేశాను. దుకాణంవాడు గల్లా మీదినుంచి లేచాడు. "అయ్యో పెద్దమ్మా, అది డప్పు కాదు!"

"కొడితె పలుగుతదా లేదా గదొక్కటి చెప్పు."

"దీన్నెవలు కొడ్తరు పెద్దమ్మా?"

"ఎవలో ఒకలు కొడ్తరు. ఇల్లన్నంక కొట్టెటోడు ఉండడా?"

అతను మా బిడ్డ చేతిని చూశాడు. ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి, గుడ్డ కప్పిన పాతది ఒకటి తెచ్చాడు. ఎవరో చాలాకాలం వాయించి అమ్మేసిందట. బరువుగా ఉంది, మూలలు అరిగాయి, చప్పుళ్ళు తక్కువ. గొంతు ఎక్కడుంటే శ్రుతిని అక్కడికి జరుపుకునే బొత్తం ఉందని, అందుకని వంకర వేళ్ళకు తేలికైన మెట్ల మీదే ఏ పాటైనా వాయించుకోవచ్చని చెప్పాడు. మా బిడ్డ దాని మీద వేళ్ళు పెట్టింది. ఏమీ వినపడలేదు. "ఇది చెడిపోయింది" అన్నాను. "చెడిపోలేదమ్మా. ఆ కొత్తది ఎట్ల ఒత్తినా ఒక్కటే మోత. దీనికి చెయ్యి తెలుస్తది. మెల్లగ ఒత్తితె మెల్లగ పలుకుతది, గట్టిగ కొడితె గట్టిగ పలుకుతది. కొట్టు అక్కా, బుగులు పడకు" అన్నాడు. మా బిడ్డ కొట్టలేదు. పెనం మీద పెట్టినట్టు చేతులు వెనక్కి తీసుకుంది. "గిది వద్దవ్వా. గా కొత్తదే మంచిగున్నది. ఒత్తకున్నా సప్పుడైతది, అగ్గువ గూడ" అంది.

అగ్గువ, అంటే చవక, అన్న మాట వింటే నేను ఎప్పుడూ లేచి నిలబడతాను. అరిగిన చెప్పుకు చీర అంచు కుట్టి ఇంకో ఏడాది తొడిగే మనిషిని. కొత్తదానికి గ్యారంటీ ఉంది, పాతదానికి లేదు, పైగా దాని ధరే కొంచెం ఎక్కువ. అయినా ఆ పిల్ల అగ్గువ కోసం అడగడం లేదని నాకు తెలిసింది. మెల్లగా ముట్టుకున్నా గట్టిగా పలికే పెట్టె దగ్గర ఆమె ఎప్పటికీ మెల్లగానే ఉండిపోతుంది. "గీ పాతదే కట్టు" అన్నాను దుకాణంవాడితో. మా బిడ్డ నా చెయ్యి పట్టుకుంది, నేను విడిపించుకున్నాను. అయితే ఊరికే కొంటానా? పడుగులో ఒక్క పోగు తెగినా బట్ట పొడవునా గీత పడుతుంది, అందుకని మా ఇళ్ళలో పడుగును పోగు పోగునా చూడందే సాంచా ఎక్కించరు. అట్లాగే ఈ కొస మెట్టు నుంచి ఆ కొస మెట్టుదాకా తెల్లవీ నల్లవీ నేనే ఒక్కొక్కటిగా కొట్టి చూశాను. ఒక నల్ల మెట్టు లోపలికి పోయి ఆలస్యంగా లేస్తోంది. దాన్ని పట్టుకుని బేరం చేస్తే ధర దిగింది, స్టాండు ఊరికే వచ్చింది. కరెంటు పోయినా సెల్లులతో నడుస్తుందా అని అడిగి, సెల్లులు వేయించి మళ్ళీ కొట్టి చూశాను. కరెంటు పోయిన ప్రతిసారీ కూలి పోగొట్టుకున్న ఊరి మనిషిని నేను. "నువ్వు కొన్నంక నాకు జరమొచ్చేటట్టున్నది పెద్దమ్మా" అన్నాడు దుకాణంవాడు.

ఇంటికి వచ్చాక మా బిడ్డ రోజూ దాని ముందు కూర్చునేది. ఎడమ చేత్తో ఎక్కువ, కుడి చేత్తో తక్కువ, ఏవో వాయించేది. ఏవో అని ఎందుకంటున్నానంటే ఒక్కటీ నాకు వినపడలేదు. "నువ్వు వాయిస్తున్నవా, దాని దుమ్ము దులుపుతున్నవా?" అని అడిగాను. "నాకు వినవడుతున్నది లే అవ్వా" అనేది. డబ్బు బూడిదలో పోసినట్టయిందని మా కొడుకుతో రెండు మూడుసార్లు అన్నాను కూడా. వర్షాకాలం అట్లాగే గడిచిపోయింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వాడకట్టులోని సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ మోత ఆగితే మా చెవులకు కళ్ళు తిరిగినట్టు ఉంటుంది. పనివాళ్ళు షెడ్ల ముందు నీడన కూర్చుని బీడీలు ముట్టించారు. నేను వెనక వాకిట్లో ఒక నాడె ముక్కు అరిగితే చూస్తున్నాను. ఆ నిశ్శబ్దంలో మొదటిసారి మా బిడ్డ వాయిస్తున్నది నాకు వినపడింది, సన్నగా, మా మామ వాయించిన భజనే. అది నాకు వినపడ్డట్టే ముందు వాకిట్లోకి వచ్చినవాడికీ వినపడింది. అతను తాగి ఉన్నాడు. పెళ్ళాన్ని తీసుకుపోతానని ఊళ్ళో నలుగురి దగ్గర పందెం కట్టి వచ్చాడట, తరువాత తెలిసింది. "మల్ల షురూ చేసినవా?" అన్న గొంతు విని నేను లేచి ఉరికేసరికి అతను స్టాండును కాలితో తన్నేశాడు. కీబోర్డు బండ మీద పడింది, ఒక మూల పగిలి ముక్క ఎగిరింది. మా బిడ్డ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని మూలకు ఒదిగింది. నేను నాడెతో అతని కనుబొమ మీద కొట్టాను. ఇనుప ముక్కు దిగి నెత్తురు చిమ్మింది. అతను నన్ను పట్టి విసిరేస్తే గోడకు తగిలి పడ్డాను, నడుము కదలలేదు. ఆ నడుము ఇప్పటికీ చలికాలం వస్తే చెబుతుంది.

అతను కీబోర్డును తొక్కడానికి కాలెత్తాడు. పూర్తి బరువుతో తొక్కాడు. అది పగల్లేదు. పలికింది. నేను అంతకుముందు ఎన్నడూ దాన్నుంచి వినని గొంతు, కాలి కింది మెట్లన్నీ కలిసి ఒక్కసారి అరిచాయి. అతనే అదిరి కాలు తీశాడు. అప్పుడు మా బిడ్డ మూలనుంచి కదిలింది. లేవలేదు, మోకాళ్ళ మీదే వచ్చింది. వచ్చి రెండు చేతులూ పైకెత్తి, ఆ వంకర వేళ్ళతోనే, బండకేసి బట్టలు ఉతికినట్టు మెట్లను కొట్టింది. మళ్ళీ కొట్టింది. పాట లేదు, స్వరం లేదు, ఒక్కటే అరుపు. సెల్లుల మీద ఆ పెట్టె గోడలు అదిరేలా అరిచింది. అతను ఆమె జుట్టు పట్టి లాగుతున్నాడు, తల వెనక్కి వంగిపోయింది, చేతులు మాత్రం ఆగలేదు. సాంచాలు నడుస్తుంటే ఆ చప్పుడు ఎవరికీ అంది ఉండేది కాదు. ఆ వేళ వాడకట్టులో ఇంకో చప్పుడు లేదు. నీడన కూర్చున్న పనివాళ్ళంతా బీడీలు పారేసి ఉరికి వచ్చారు. ముందు వచ్చినతను, "ఎవడ్రా నువ్వు, మా అక్క మీద చెయ్యేస్తవు?" అని అల్లుణ్ణి నడుం పట్టి ఎత్తి వాకిట్లోకి విసిరాడు. తరువాత ఏం జరిగిందో నేను గోడకు ఆనుకుని కూర్చునే విన్నాను. చాలాసేపు జరిగింది. చాలు అని నేను అనలేదు.

ఠాణాలో కేసు కట్టారు, ఆలస్యంగానైనా విడాకులూ అయ్యాయి. అవన్నీ తరువాతి సంగతులు. ఆ మధ్యాహ్నం నేను చేసిన మొదటి పని తడిగుడ్డ తెచ్చి తెల్ల మెట్ల మీది నెత్తురు తుడవడం. ఆరిపోతే సందుల్లో పట్టుకుంటుంది, తరువాత ఎంత గీకినా రాదు. తుడుస్తుంటే మా బిడ్డ పక్కన కూర్చుని, రొప్పుతూ, "అవ్వా, అందరొచ్చిండ్రు" అంది. కోరుట్లలో చెయ్యి విరిగిన రోజు ఎవరూ రాలేదన్న సంగతి ఆమె నాకు అంతకుమించి ఎన్నడూ చెప్పలేదు. నేను గుడ్డ పిండుతూ, "సప్పుడైతె రారా మరి" అన్నాను. అంతకన్నా మంచి మాట నాకు చేతకాలేదు.

అందుకే చివరి ఇంటి కోడలికి మొన్న నేను చెప్పింది ఇంతే. వందల చప్పుళ్ళు చూసి మోసపోకు, దానంతట అది వాయించేది కొనకు, మెట్లు పెద్ద మనుషుల వేళ్ళకు పట్టేవి చూడు, సెల్లులతో నడుస్తుందో లేదో చూడు, పాతదైనా సరే, చెయ్యి తెలిసేదే కొను. ఆమె ఫోనులో ఏదో నొక్కుకుంటూ తలూపింది. అప్పటికే లోపల మా బిడ్డ ఎప్పటిలాగే ముందు రెండు చేతులతో నాలుగు దెబ్బలు కొట్టేసింది, వెనక షెడ్డులో నడుస్తున్న సాంచాల మీదినుంచి వినపడేలా. రోజూ అట్లాగే మొదలుపెడుతుంది. మూల పగిలిన చోట పెట్టిన టేపు ఆ దెబ్బలకు ఊడిపోతుంటుంది, నేను మళ్ళీ అంటిస్తుంటాను. దెబ్బలయ్యాక ఆ భజన ఎత్తుకుంది, మెల్లగా, చాలా మెల్లగా. ఆ కోడలు చెవి ఒగ్గి, "ఇప్పుడేం వినవడుతలేదు పెద్దవ్వా" అంది. నిజమే, నాకూ వినపడలేదు. ఈ పెట్టె కొన్న కొత్తలోనూ మా బిడ్డ ఇంతే మెల్లగా వాయించేది, ఇప్పుడూ అంతే మెల్లగా వాయిస్తోంది. ఆ మెల్లదనం భయం, ఈ మెల్లదనం ఆమె ఇష్టం. చూడడానికి చేతులు అవే, మెట్లు అవే. రెంటికీ నడుమ ఉన్న తేడా మాత్రం ఈ ఇంట్లో నాకొక్కదానికే వినపడుతుంది.